ఆజ్ఞయు అనుబంధమును: షాదీపూరు కథ

అండమాను దీవుల ముఖ్యపట్టణమైన శ్రీ విజయపురములో షాదీపూర్ అను పేట యొకటి గలదు. 2024 సెప్టెంబరు వరకు ఆ పట్టణమును పోర్ట్ బ్లెయిర్ అని పిలిచెడివారు. ఈ వ్యాసములోని విషయములు చాలవరకు ఆ పాత పేరు నాటివి కావున ఇకమీదట ఆ పేరునే వాడుచున్నాము. షాదీ యనగా హిందూస్థానీలో పెండ్లి. పూర్ అనగా ఊరు. ఈ పెండ్లి ఊరికి ఆ పేరు ఏ దేవుని కల్యాణోత్సవము వలనను వచ్చినది కాదు. శిక్షపడి సముద్రము దాటి వచ్చిన ఖైదీ స్త్రీపురుషులకు సర్కారు అనుమతితో వివాహములు జరిగి, ఆ దంపతులు కాపురములు పెట్టిన చోటు కావున ఆ పేరు వచ్చినదని అచ్చటివారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు.

పేరు వినుటకు ముచ్చటగానే యున్నది. కాని దాని వెనుక కఠినమైన ప్రశ్న యొకటి యున్నది. తల్లిదండ్రులు చూడని పెండ్లి, బంధువులు రాని పెండ్లి, జెయిలు అధికారి సంతకముతో స్థిరపడిన పెండ్లి కుటుంబమగునా? అట్టి యింట పుట్టిన బిడ్డకును తల్లిదండ్రులకును నడుమ ఏర్పడు మమకారము ఎట్టిది? కుటుంబమును నిలుపునది వంశమా, శాసనమా, లేక ఈ రెండును కాని మరియొకటియా? షాదీపూరు చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది.

మన దేశములో కుటుంబమనగా ఇద్దరు మనుష్యుల యొప్పందము మాత్రమే కాదు. తెలుగునాట సంబంధము చూచునప్పుడు ఇంటిపేరు అడుగుదురు, గోత్రము అడుగుదురు, అటేడు తరములు ఇటేడు తరములు విచారింతురు. పెండ్లిపీటలపై కూర్చుండువారు ఇద్దరే యైనను ఆ పెండ్లి రెండు వంశములది. తొలికాన్పు పుట్టినింట జరుగును. పసిబిడ్డకు అమ్మమ్మ నీళ్ళు పోయును. మేనమామ, మేనత్త ఎవరి వరుసకు తగిన లాంఛనము వారు జరుపుదురు. 1953లో వెలువడిన తన బంధుత్వ వ్యవస్థా గ్రంథములో ఇరావతీ కర్వే, ఉత్తరదేశమున ఆడుపిల్లను తెలియనివారి ఇంటికి పంపుదురనియు, దక్షిణదేశమున మేనరికము వంటి ఆచారముల వలన పెండ్లి పాత చుట్టరికమునే మరల ముడివేయుననియు వివరించినారు. పద్ధతులు వేరైనను ఉభయత్ర ఒక మాట సమానము: క్రొత్త దంపతుల వెనుక పెద్దలు నిలిచియుందురు. అండమానుకు కొనిపోబడిన ఖైదీకి ఈ వెనుకబలము పూర్తిగా తెగిపోయినది. నల్లనీటిని దాటుటతో కులము పోవునని నమ్మిన కాలమది. వాని ఊరివారు వానిని చచ్చినవారిలో జమకట్టిరి.

1789లో ఈస్టిండియా కంపెనీ పక్షమున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అను నౌకాధికారి ఈ దీవులలో ఒక వలసను నెలకొల్పెను. జ్వరములు, మరణములు మితిమీరుటచే 1796లో దానిని ఎత్తివేసిరి. తరువాత అరువది సంవత్సరములు ఎవరును ఆ దిక్కు చూడలేదు. 1857 నాటి తిరుగుబాటు అణచివేయబడిన పిమ్మట, పట్టుబడినవారిని ఎచట ఉంచవలెనను ప్రశ్న వచ్చి, మరల అండమాను జ్ఞప్తికి వచ్చినది. 1858 మార్చి 10వ తేదీన జె. పి. వాకర్ అను అధికారి 200 మంది ఖైదీలతో అచట దిగెను. అతడు వైద్యుడు, అంతకుముందు ఆగ్రా జెయిలును నడిపినవాడు. ఖైదీలు అడవులు నరికిరి, జ్వరములతో మరణించిరి, పారిపోవ యత్నించిరి. తిరిగి చిక్కినవారిలో 86 మందిని వాకర్ ఆ తొలి మాసములలోనే ఉరితీయించెను. కలకత్తాలోని పై అధికారులకు సైతము ఇది మితిమీరిన చర్యగా తోచినది.

పారిపోవుట మాన్పించుటకు ఉరి చాలదని త్వరలోనే తేలినది. ఇల్లులేని మనుష్యునికి నిలిచియుండుటకు కారణము లేదు. ఇల్లు, పొలము, ఆలుబిడ్డలు ఉన్నవాడు కదలడు. ఈ ఆలోచనయే అండమానులో కుటుంబమునకు బీజము. దేశమునుండి ఖైదీల భార్యలను రప్పించుటకు మొదటి సంవత్సరములలోనే ప్రయత్నము జరిగినది. కాని వచ్చినవారు బహు కొద్దిమంది. నిజమునకు రాకపోవుటయే సహజము. ఎన్నడు చూడని దీవికి, తిరిగివచ్చు దారి లేని చోటికి, అత్తమామలను పుట్టినవారిని విడిచి, బిడ్డలను చంకనెత్తుకొని ఏ స్త్రీ పోగలదు? పోదలచినను ఏ పెద్దలు పోనిత్తురు? భర్తకు పడిన శిక్ష భార్యకు కూడ ద్వీపాంతరమగునట్టి ఆ పిలుపును వారు అందుకొనలేదు. అప్పుడు సర్కారు దృష్టి మరియొక దిక్కునకు మరలినది. శిక్షపడిన స్త్రీలనే ఈ దీవులకు పంపి, మంచి నడవడి గల మగఖైదీలకు వారిని వివాహము చేసిన యెడల, కుటుంబములు అచ్చటనే పుట్టును గదా యని తలచిరి.

ఇట్లు 1860 తరువాతి సంవత్సరములలో వంగ, మద్రాసు మొదలగు రాష్ట్రముల జెయిళ్ళనుండి స్త్రీలు అండమానుకు రాసాగిరి. పోర్ట్ బ్లెయిర్ దక్షిణపు కొనయందు, సౌత్ పాయింటు అను చోట, వారికి ప్రత్యేకమైన జెయిలు ఉండెను. అందు వారు నూలు వడకిరి, నేత నేసిరి. మగవారి సంఖ్యతో పోల్చిన వారు ఎన్నడును అల్పసంఖ్యాకులే. 1901 నాటికి ఖైదీలు మొత్తము సుమారు పండ్రెండు వేలు కాగా అందు స్త్రీలు వేయికి లోపు. కావున పెండ్లి యనునది మగఖైదీకి ఎంతయో కాలము వేచి, కొందరు మాత్రమే పొందగల వరమాయెను.

ఆ స్త్రీలు ఎవరు? పలువురు హత్యానేరమునకు శిక్షపడినవారు. ఆ హత్యలలో కొన్ని భర్తను చంపినవి. కొన్ని కన్నబిడ్డను చంపినవి. ఈ రెండవ మాట చదివి మనము ముఖము త్రిప్పుకొనరాదు. బాల్యములోనే వైధవ్యము పొంది, మరల పెండ్లికి నోచుకొనక, ఎవని వలననో గర్భము ధరించి, లోకభయముచే పురిటిలోనే శిశువును పోగొట్టుకొనిన స్త్రీల కథలు ఆనాటి న్యాయస్థానముల దస్త్రములలో పెక్కు గలవు. 1881లో సూరతులో విజయలక్ష్మి యను బ్రాహ్మణ వితంతువునకు ఇట్టి నేరమునకే ఉరిశిక్ష పడినది. అప్పీలులో అది ద్వీపాంతరవాసముగా తగ్గినది. ఆ వ్యవహారముపై పత్రికలలో చెలరేగిన స్త్రీనిందను సహింపలేకయే తారాబాయి షిందే 1882లో మరాఠీ భాషలో 'స్త్రీపురుష తులన' అను గ్రంథమును వ్రాసినది.

అదే 1881 సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించిరి. వితంతు వివాహమును చట్టసమ్మతము చేసి అప్పటికి 25 ఏండ్లు గడిచినవి. ఐనను ఆ ఒక్క పెండ్లికి పంతులుగారు పడిన పాట్లు, బహిష్కారములు, పోలీసు కాపలా తెలుగువారికి తెలిసినవే. ఆ దినములలోనే, సముద్రమున కావలి యొడ్డున, వితంతువులు కూడ ఖైదీలుగా మరల పెండ్లిండ్లు చేసికొనుచుండిరి. దేశములో నిరపరాధినియైన వితంతువునకు సంఘము ఈయని దానిని, అపరాధినియైన వితంతువునకు జెయిలు బహుమానముగా ఇచ్చెను. సంస్కర్తల ప్రయత్నమును చిన్నచేయుటకు ఈ మాట చెప్పుట లేదు. మన సంఘపు కట్టుబాటు ఎంత బిగువుగా నుండెనో, దానినుండి బయటపడుటకు ఒక స్త్రీ ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చెనో ఈ పోలిక వలన తెలియును.

వివాహమునకు నిబంధనలు పలుమార్లు మారినవి. ఇరువదవ శతాబ్దారంభమున ఉన్న పద్ధతి ఇది. యావజ్జీవ శిక్షపడిన మగవాడు మొదటి ఆరు మాసములు సెల్యులర్ జెయిలులో ఏకాంతమున ఉండవలెను. పిదప ఒకటిన్నర సంవత్సరము మరియొక జెయిలులో కఠినమైన పని; ఆ తరువాత మూడేండ్లు బారకాసులలో కాపురము, వేతనము లేని చాకిరి; మరి ఐదేండ్లు కొంత తేలిక పని, స్వల్పమైన బత్తెము. ఇట్లు పదియేండ్లు మచ్చలేక గడిపిన పిమ్మట వానికి స్వయంపోషక టికెట్టు లభించును. అప్పుడు గ్రామములో ఇల్లు కట్టుకొనవచ్చును, సేద్యము చేయవచ్చును, పశువులను పెంచవచ్చును, దేశమునుండి కుటుంబమును పిలిపించుకొనవచ్చును, లేదా అచ్చటనే పెండ్లాడవచ్చును. స్త్రీకి గడువు తక్కువ. ఐదేండ్లకే వివాహార్హత కలుగును. వివాహితయైనచో 15 ఏండ్లకు భర్తతో కూడ దీవిని విడిచిపోవచ్చును. అవివాహితయైనచో 20 ఏండ్లు ఉండవలెను. శిక్షలో ఐదేండ్ల తేడా పెండ్లిమీద ఆధారపడియుండెను. ఇంతకంటె స్పష్టమైన పెండ్లి సంప్రదింపు మరియొకటి యుండునా?

పెండ్లిచూపుల విధానమును గురించి అండమానులో వాడుకలో నున్న వృత్తాంతము ఇది. అర్హత పొందిన మగవారు స్త్రీల జెయిలునకు వచ్చి వరుసగా నిలుచుండెడివారు. పెండ్లికి సమ్మతించిన స్త్రీలు వారిని చూచి మాటలాడి, తమకు తగినవానిని ఎంచుకొనెడివారు. వాని కూడబెట్టిన డబ్బు, వాని నడవడి, ఇరువురి మతము అధికారులు విచారించి అనుమతి ఇచ్చెడివారు. హిందువునకు హిందువును, ముసల్మానునకు ముసల్మానును కూర్చుట సామాన్యనియమము. కులమును అంతగా పాటించుటకు వీలులేకపోయెను. దేశములో భర్త జీవించియున్న స్త్రీల విషయము, భార్య జీవించియున్న పురుషుల విషయము అధికారులకు చాలకాలము చిక్కుప్రశ్నగనే యుండెను. చూచుటకు ఇది జెయిలు గోడల నడుమ స్వయంవరము. ఐనను వరించు స్త్రీ వెనుక తండ్రి లేడు. ఆమె యెదుట నున్నవి రెండే మార్గములు, జెయిలు లేదా ఈ వరుసలోని ఒకడు. అయినను ఆ కొద్దిపాటి ఎంపికను మనము త్రోసివేయరాదు. దేశములో తన పెండ్లిని గూర్చి ఒక్క మాట మాటలాడుటకు నోచుకొనని స్త్రీకి, అచట 'కాదు' అను అధికారము తొలిసారి దొరకినది.

పెండ్లి జరుగుట ఒక దినము. కాపురము జరుగుట వేలకొలది దినములు. ఆ కాపురములలోనికి తొంగిచూచుటకు మనకు దొరకు ఆధారములు కొద్ది. వానిలో మౌలానా జాఫర్ థానేసరీ వృత్తాంతము ఒకటి. 1864 నాటి అంబాలా కేసులో ఆయనకు మొదట ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతరవాసముగా మారినది. 1866 జనవరిలో ఆయన అండమాను చేరెను. చదువుకొనినవాడగుటచే గుమాస్తా పని దొరకినది. అచ్చటనే కాశ్మీరపు స్త్రీని వివాహమాడెను. ఆమె మరణించిన పిమ్మట అల్మోరా ప్రాంతమునుండి వచ్చిన స్త్రీని పెండ్లాడెను. 1883 నవంబరులో విడుదలయై దేశమునకు బయలుదేరినప్పుడు ఆయన వెంట భార్య, 8 మంది బిడ్డలు ఉండిరి. ఒంటరిగా సంకెళ్ళతో వచ్చినవాడు పదిమంది కుటుంబముతో తిరిగిపోయెను. తన అనుభవములను ఉర్దూలో గ్రంథముగా వ్రాసెను; 'కాలాపానీ' అను పేరుతో అది ప్రసిద్ధమైనది. చదువు, పదవి గల ఖైదీ కావున ఆయన కథ మిగిలినది. షాదీపూరు వంటి చోట్ల కాపురమున్న సామాన్యుల కథలు కాగితమునకు ఎక్కలేదు. కాని వారి బిడ్డలు మిగిలిరి.

ఆ బిడ్డల విషయమును సరిగా అర్థము చేసికొనుటకు ఇరువదవ శతాబ్దపు మనశ్శాస్త్రము మనకు కొన్ని మాటలను సమకూర్చినది. ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఒక నివేదిక సమర్పించెను. యుద్ధములో తల్లులకు దూరమైన పిల్లలను గూర్చిన పరిశీలనల ఆధారముగా, పసివానికి తిండి గుడ్డ ఎంత అవసరమో, తనను విడువక ఆదరించు ఒక మనిషి అంత అవసరమని అతడు ప్రతిపాదించెను. ఈ బంధమునకే అనుబంధమని పేరు. తిండి పెట్టుటచేతనే బిడ్డకు తల్లిమీద ప్రేమ కలుగునను పూర్వవాదమును అతడు అంగీకరింపలేదు. భయము కలిగినప్పుడు పరుగెత్తి చేరుకొనుటకు ఒక ఒడి, భయము తీరినప్పుడు లోకమును చూచుటకు బయలుదేరుటకు అదే ఒడి: ఇది బౌల్బీ సిద్ధాంత సారము.

అతనితో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ 1954, 55 సంవత్సరములలో ఆఫ్రికాలోని ఉగాండాలో 26 కుటుంబముల యిండ్లకు పోయి తల్లులను పసిబిడ్డలను పరిశీలించెను. పిదప అమెరికాలోని బాల్టిమోరులో ఆ పనిని కొనసాగించెను. తల్లి కొంచెము సేపు కనుమరుగై తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏమి చేయునో ఆమె గమనించెను. కొందరు బిడ్డలు ఏడ్చి, తల్లి రాగానే ఊరడిల్లిరి. వీరి అనుబంధము సురక్షితమైనది. కొందరు తల్లి వచ్చినను రానట్లే ఊరకుండిరి. మరికొందరు తల్లిని అంటిపెట్టుకొనుచునే ఆమెపై కోపించిరి. ఈ భేదమునకు ఆమె కనుగొనిన ముఖ్యకారణము తల్లి కులము కాదు, ధనము కాదు. బిడ్డ పిలిచినప్పుడు ఆమె పలికిన తీరు. మన దేశపు బాల్యమును గురించి 1978లో గ్రంథము వ్రాసిన సుధీర్ కాకర్, భారతీయ శిశువు చిరకాలము తల్లి సన్నిధినే పెరుగుననియు, ఆ తల్లి చుట్టును అవ్వలు, అత్తలు, పిన్నులు గల పెద్ద కుటుంబము ఉండుననియు చూపెను.

ఈ సిద్ధాంతములను వంద యేండ్ల క్రిందటి షాదీపూరుపై ముద్రగా కొట్టుట సరికాదు. అచ్చటి బిడ్డలను ఏ మనశ్శాస్త్రజ్ఞుడును పరిశీలింపలేదు. ఐనను ఒక మాట మాత్రము ధైర్యముగా చెప్పవచ్చును. ఆ యిండ్లలో అవ్వలు లేరు, తాతలు లేరు, మేనమామలు లేరు. పురిటికి పోవుటకు పుట్టిల్లు లేదు. తల్లి పంజాబీ కావచ్చును, తండ్రి ద్రావిడుడు కావచ్చును. ఒకరి జోలపాట మరియొకరికి తెలియదు. ఇట్టి యింట బిడ్డకు దొరకినది తల్లిదండ్రులే, ప్రక్కయింటి తల్లిదండ్రులే. వంశము లేనిచోట ఇరుగుపొరుగు వంశమగుటకంటె వేరు గతి లేదు. కన్నబిడ్డను లోకభయముచే పోగొట్టుకొని శిక్షపడిన స్త్రీ, ఆ లోకభయము లేనిచోట, మరల బిడ్డను కని పెంచుకొనగలిగినది. తల్లికి బిడ్డమీది ప్రేమ స్వభావసిద్ధమే. కాని ఆ ప్రేమ నిలుచుటకు కొంత నిర్భయము కావలెను. అండమాను ఎంత క్రూరమైనదైనను, ఈ ఒక్క విషయములో కొందరు స్త్రీలకు మాతృదేశముకంటె దయగలదయ్యెను.

తల్లిదండ్రుల పెంపకపు రీతులను గూర్చియు శాస్త్రము ఒక విభాగము చేసినది. 1960 తరువాత అమెరికాలో డయానా బామ్రిండ్ మూడు రీతులను వర్ణించెను. ఆజ్ఞాపించుటయే గాని కారణము చెప్పని తల్లిదండ్రులు ఒక తెగ. వీరిది నిరంకుశ పెంపకము. అడిగినదెల్ల ఇచ్చి హద్దు చూపనివారు రెండవ తెగ. హద్దు చూపుచునే కారణము చెప్పి, బిడ్డ మాటను వినువారు మూడవ తెగ. ఈ మూడవదే మేలైనదని ఆమె నిర్ణయము. 1983లో ఎలినార్ మాకబీ, జాన్ మార్టిన్ అను వారు, హద్దును చూపక ఆదరమును చూపక విడిచివేయు నాలుగవ తెగను చేర్చిరి. ఈ విభాగమును ఇంటికే గాక పరిపాలనకును అన్వయించి చూచినచో అండమాను స్వరూపము తేటపడును. అచట సర్కారే తండ్రి. ఎప్పుడు లేవవలెనో, ఏమి తినవలెనో, ఎప్పుడు పెండ్లాడవలెనో, ఎవరిని పెండ్లాడవలెనో అదియే నిర్ణయించెను. మంచి నడవడికి ఇల్లాలును బహుమానముగా ఇచ్చెను. చెడునడవడికి టికెట్టు తీసివేసి కాపురమును కూల్చగలిగెను. ప్రేమను సైతము పద్దులో వ్రాయు తండ్రి అది.

ఆ తండ్రికి తన మనుమలపై నమ్మకము లేకపోయెను. నేరస్థుల రక్తములో నేరమే ప్రవహించునను అభిప్రాయము ఆనాటి పాలకులలో బలముగా నుండెను. 1901 జనాభా లెక్కల సమయమున అండమాను పాలకుడుగా ఉన్న రిచర్డ్ టెంపుల్ ఈ దీవులలో పుట్టినవారిని ప్రత్యేక సంఘముగా వర్ణించెను. పిల్లలుగా ఉన్నప్పుడు వారు తెలివిగలవారు, ఆరోగ్యవంతులు అని ఒప్పుకొనుచునే, పెద్దవారి నీతిని గూర్చి కఠినముగా తీర్పు చెప్పెను. చెరసాల నడుమ, పదిమంది మగఖైదీలకు ఒక్క ఖైదీ స్త్రీయైనను లేని ఊరిలో, ఆడుపిల్లను పెంచుటలోని కష్టమునకు ఎవరు బాధ్యులో ఆ తీర్పు చెప్పలేదు.

ఈ రక్తవాదము అండమానుకే పరిమితము కాదు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టము కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించెను. 1911లో ఆ చట్టమును సవరించినప్పుడు, ఆ జాతుల బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలో ఉంచు అధికారము సర్కారునకు దఖలు పడినది. గుంటూరు సీమలోని స్టూవర్టుపురము ఎరుకలవారికై సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యమున ఏర్పడిన అట్టి కాలనీయే. 1926లో ఉత్తరదేశపు భాంతూలను కుటుంబములతో సహా అండమానుకు కొనివచ్చి ఫెరార్‌గంజ్ ప్రాంతములో నిలిపిరి. ఒకచోట నేరము మాన్పించుటకు కుటుంబమును కట్టిరి. మరియొకచోట నేరము మాన్పించుటకు కుటుంబమును విడదీసిరి. రెండుచోట్లను కుటుంబము పాలకుల చేతిలో పనిముట్టే. ఆ చట్టము స్వాతంత్ర్యానంతరము రద్దయి, 1952 ఆగస్టు 31వ తేదీతో ఆ జాతులకు నేరముద్ర తొలగినది.

అండమానులో సైతము పాలకుల మనస్సు స్థిరముగా నుండలేదు. 1890లో లాయల్, లెత్‌బ్రిడ్జ్ అను అధికారులు విచారణ జరిపి, ఈ దీవి శిక్షగా భయపెట్టుట లేదనియు, దేశపు జెయిలుకంటె ఖైదీలు దీనినే కోరుచున్నారనియు నివేదించిరి. దాని ఫలితముగా 1896లో సెల్యులర్ జెయిలు నిర్మాణము ఆరంభమై 1906లో ముగిసినది. ఖైదీని ఇంటితో కట్టివేయుట షాదీపూరు మార్గము. ఖైదీని ఒంటరి గదిలో మూసివేయుట సెల్యులర్ జెయిలు మార్గము. ఒకే ప్రభుత్వము, ఒకే పట్టణములో, ఏకకాలమున ఈ రెండింటిని నడిపినది. మనిషికి అనుబంధము ప్రాణావసరమని అది ఎరుగును. ఎరుగును కావుననే అనుబంధమును బహుమానముగను, దాని లేమిని శిక్షగను వాడినది.

1919, 20 సంవత్సరములలో విచారించిన భారత జెయిళ్ళ సంఘము స్త్రీలను అండమానుకు పంపుట మానవలెనని సిఫారసు చేసినది. ఖైదీ పెండ్లిండ్ల కాలము అంతటితో ముగింపునకు వచ్చినది. అటుపిమ్మట వచ్చినవారిలో 1921 తిరుగుబాటులో శిక్షపడిన మలబారు మాప్పిళ్ళలు గలరు. వారి భార్యాబిడ్డలను రప్పించుటకు సర్కారు ఏర్పాట్లు చేసినది; వారు తాము నెలకొనిన పల్లెలకు కాలికట్, మంజేరి, తిరూర్ అని తమ ఊళ్ళ పేర్లే పెట్టుకొనిరి. 1922 నుండి 1924 వరకు సాగిన రంపవిప్లవములో అల్లూరి సీతారామరాజు అనుచరులుగా పట్టుబడినవారిలో కొందరు తెలుగువారు సైతము ఈ దీవులకు పంపబడిరి. వారు మన్యములో విడిచివచ్చిన ఇల్లాండ్రు, బిడ్డలు అనుభవించిన విరహము ఏ లెక్కలకు ఎక్కినది కాదు. ద్వీపాంతరవాసమును గూర్చి మనము చెప్పుకొనునప్పుడు అండమానులో క్రొత్తగా పుట్టిన కుటుంబములను తలచుకొన్నట్లే, దేశములో చీలిపోయిన కుటుంబములను కూడ తలచుకొనవలెను. ప్రతి షాదీపూరు కాపురము వెనుక ఎచటనో ఒక పాడుపడిన పొయ్యి యుండెను.

షాదీపూరు బిడ్డలు పెరిగి పెద్దవారైరి. 'లోకల్ బార్న్' అని, అనగా ఇచ్చట పుట్టినవారని, వారికి పేరు వచ్చినది. నేరస్థుని బిడ్డ అనుటకు మారుగా, ఈ నేల బిడ్డ అని చెప్పు పేరది. తల్లిది ఒక భాష, తండ్రిది మరియొక భాష కావున, ఇద్దరికి పొత్తుగా మాటలాడిన హిందూస్థానీయే వారికి మాతృభాషయైనది. కులము మొదటి తరములోనే సడలినది. క్రమముగా మతముల నడుమ గూడ వివాహములు జరిగినవి. ఒకే కుటుంబములో హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు కలసియుండుట అచ్చట నేటికిని వింత కాదు. సర్కారు మతము చూచి పెండ్లి చేసినది. వారి మనుమలు మనస్సు చూచి పెండ్లి చేసికొనిరి.

1942 మార్చిలో జపాను సైన్యములు ఈ దీవులను ఆక్రమించినవి. 1945 అక్టోబరు వరకు వారి యధికారమే సాగినది. గూఢచారులను నెపముతో పెక్కుమందిని హింసించిరి. సిక్కు వైద్యుడును కవియునైన దివాన్ సింగ్ 1944 జనవరి 14న ఆ హింసలవలన మరణించెను. అదే నెల 30వ తేదీన హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చిచంపిరి. తిండిలేని ఆ మూడున్నర సంవత్సరములలో దీవుల జనులు పడిన పాట్లు వర్ణనాతీతములు. విధినిర్వహణకు వచ్చిన పాలకులలో పలువురు ముందే ఓడలెక్కి పోయిరి. పోవుటకు వేరు ఊరు లేనివారు అచ్చటనే నిలిచిరి. తండ్రివలె పాలించిన సర్కారు బిడ్డలను విడిచిపోయెను. ఆజ్ఞతో ఏర్పడిన కుటుంబములు మాత్రము విడిపోలేదు. అవి ఆజ్ఞమీదనే నిలిచియుండినచో, ఆజ్ఞ యిచ్చినవాడు పోయిన దినముననే కూలియుండవలసినది.

స్వాతంత్ర్యము తరువాత ఈ దీవుల రూపము మారినది. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థులు వచ్చి నెలకొనిరి. తమిళులు, మలయాళీలు, ఉత్తరాంధ్ర తీరమునుండి జాలరులు, కూలీలు, వర్తకులు వచ్చిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. వీరిలో పలువురు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలోని తమ ఊళ్ళతో రాకపోకలు విడువలేదు. వారికి పుట్టినూరు ఓడప్రయాణపు దూరములోనే యున్నది. 1942కు పూర్వపు కుటుంబములవారికి అట్టి పుట్టినూరు లేదు. షాదీపూరే వారికి పుట్టినూరు, తాతలనాటి ఊరు.

ఇపుడు మొదటి ప్రశ్నకు తిరిగివత్తము. కుటుంబమును నిలుపునది వంశమా? షాదీపూరు దంపతులకు వంశము తెగిపోయినది, కుటుంబము నిలిచినది. శాసనమా? శాసనము పెండ్లిని చేయగలిగినదే గాని, రాత్రివేళ జ్వరముతో మూలుగు బిడ్డ నుదుటిపై చేయి వేయుమని ఏ శాసనమును చెప్పలేదు. ఆ చేయి వేసినవారు ఉండిరి కావుననే ఆ బిడ్డలు బ్రతికిరి, వారి బిడ్డలు బ్రతికిరి. ఇరువదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు పరిశీలనలతో తేల్చినదియు, షాదీపూరు తల్లులు శాస్త్రము తెలియకయే ఆచరించినదియు ఒక్కటే: బిడ్డ పిలిచినప్పుడు పలుకుట, పదే పదే పలుకుట. రక్తము దానిని పుట్టింపజాలదు. నేరము దానిని చెరిపివేయజాలదు.

మన సంఘములో నేటికిని తల్లిదండ్రుల కులమును బట్టి, నడవడిని బట్టి బిడ్డ భవిష్యత్తును ముందే తీర్పు చెప్పువారు గలరు. జెయిలులో నున్న తల్లితో పాటు పెరుగు పసివారు గలరు. తండ్రి శిక్షకు తాము తలవంచుకొని బడికి పోవు పిల్లలు గలరు. వారిని చూచినప్పుడు పెండ్లి ఊరు అను ఈ పేరును జ్ఞప్తికి తెచ్చుకొనుట మేలు. ఆ ఊరి తొలి తల్లిదండ్రులను న్యాయస్థానము నేరస్థులని తీర్మానించినది. వారి మనుమలు, మునిమనుమలు ఉపాధ్యాయులై, ఉద్యోగులై, వర్తకులై, అన్ని ఊళ్ళవారివలెనే బిడ్డలను బడికి పంపుచు సంసారము చేయుచున్నారు.